ముల్లుతో ముల్లు

సైదాపురం దాటినాక రోడ్డు మెరుస్తుంది.
ఎండకు కాదు,
అబ్రకం పొలుసులకు.
ఇక్కడ మేకల గిట్టలు కూడా వెండి రాలుస్తాయి.

మూతబడ్డ గని పక్కన, కప్పు లేని షెడ్డు వెనక
నల్లరాళ్ళ గుట్ట.
కత్తి మొనతో అబ్రకాన్ని ఆకులాకులుగా ఒలిచిన ఆడవాళ్ళు
ఒలవడానికి రావని విసిరేసినవి.
బొగ్గులా ఉంటాయి, అంటుకోవు.
నిమ్మకాయంత రాయి
చేతిని కిందికి లాగుతుంది.
నలభై కార్తీకాల వానలు వాటిని నానబెట్టాయి,
ఒక్కో వాన ఒక్కో అడుగు
పల్లంలో ఉన్న బావి వైపు నడిపించింది.

నా ఉద్యోగం మీటరు మోయడం,
అది చెప్పింది పుస్తకంలో రాయడం.
గుట్ట మీద జొన్నలు వేయించినట్టు చిటపటలాడింది.
బావి గట్టున గొంతు తగ్గించింది.
చింతోపు మలుపులో, చేపల గంప దగ్గర
మళ్ళీ అందుకుంది.

పోలమ్మ తక్కెడలో కిలో రాయి లేదు.
నల్లరాయి ఉంది.
"మా అత్త షెడ్డు నించి తెచ్చిందబ్బయా.
కిలో మీద ఒక పిసరు ఎక్కువే తూగుద్ది.
అందుకే నా బేరం ఎవురూ ఇడవరు."
ముప్పై ఏళ్ళ కానాగంతలు
ఆ రాయికి ఎదురు తూగాయి.
రాత్రిళ్ళు అది సంచిలో, ఆమె తల పక్కనే.
ఇమ్మన్నాను. ఇవ్వలేదు.
మీటరు చెవి దగ్గర పెట్టి వినిపించాను.
"ఇలకోడి గదా," అంది.

గూడూరు నించి వచ్చిన షమీమున్నిసా మేడం
గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది.
తవ్వి ఎత్తుకెళితే ఇంకో ఊరి మట్టి చెడుతుంది,
ఇక్కడే కదలకుండా చేద్దాం అంది.
దేంతో అంటే
ఎముకలతో అంది.

జువ్వలదిన్నె నించి లారీలొచ్చాయి.
వంజరం వెన్నులు, మాగ తలకాయలు,
కంచాల అంచున మిగిలిన జిల్లా అంతా
ఎండి, కాలి, పొడై, గోతాల్లో.
మూడు రోజులు కుక్కలు ఇంటికి పోలేదు.
ట్రాక్టరు ఆ బూడిదను మట్టిలోకి దున్నుతుంటే
నా అన్నం డబ్బాలో కూడా ఆ వాసనే.

ముల్లులో భాస్వరం ఉంటుందట.
నీళ్ళలో కరిగి పారే యురేనియాన్ని అది పట్టుకుంటుంది,
పట్టుకుని, తానూ అదీ కలిసి రాయవుతుంది,
వానకు కరగని రాయి.
చిటపట ఆగదు.
సగం కావడానికే నాలుగొందల యాభై కోట్ల ఏళ్ళు.
నడక ఆగుతుంది, అంతే.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు.
ఇది తీయడం కాదు.
ముల్లును ముల్లు పక్కన కూర్చోబెట్టి
ఇక లేవకు అని చెప్పడం.

పోలమ్మకు ఇంత పొడుగు చెప్పలేకపోయాను.
"అయితే ఇన్నాళ్ళూ మీరు ఊసి పారేసిందేనా మందు?"
అడిగి, గంప మీద గోనె కప్పుకుంది.
నవ్విందో లేదో కనపడలా.

తుపాను మూడు రోజులు కొట్టింది.
బావి పైవరకు నిండింది.
నాలుగోనాడు సీసా ముంచాను.
అంకె తగ్గింది. సున్నా కాలేదు.
మేడం కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి,
జనవరిలో ఇంకోసారి ముంచమంది.

ఆ వారమే పోలమ్మ తనంతట తానొచ్చింది.
సంచిలోంచి రాయి తీసి గుంటలో పెట్టింది,
విసరలేదు, పెట్టింది.
నేను గ్లవుజులు అందించే లోపే
పిడికెడు పొడి పైన చల్లింది,
పులుసులో కారం చల్లినట్టు, కొలత చూడకుండా.

బదులుగా ముద్ర వేసిన ఇనప కిలో ఇచ్చాం.
అరచేతిలో రెండుసార్లు ఎగరేసింది.
"తేలిగ్గా ఉందబ్బయా.
జనం ఎట్ట నమ్ముతారు?"